ఆసనాలకు వరుస కూర్చిన ఆచార్యుడు – తిరుమల కృష్ణమాచార్య

పదవీ విరమణ చేసిన తర్వాత యోగాసనాలు మొదలుపెట్టిన మిత్రులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఒకరు పుస్తకం చూసి వేస్తారు, ఒకరు టీవీ చూసి, మరొకరు మనుమడు సెల్‌ఫోన్‌లో పెట్టి ఇచ్చిన వీడియో చూసి. ప్రతివారి దగ్గరా ఒక పట్టిక ఉంటుంది. ఫలానా ఆసనం షుగరుకు మంచిది, ఫలానాది నడుము నొప్పికి మంచిది అని చెప్పేవారు ఎక్కువ. ఏ ఆసనం ముందు వేయాలి, దాని వెనుక ఏది రావాలి, అలా ఎందుకు రావాలి అని ఆలోచించేవారు తక్కువ. మన వయసులో అసలు కీలకమంతా అక్కడే ఉంది. ఈ ప్రశ్నను పట్టుకొని నూరేళ్లు బ్రతికిన పెద్దమనిషి తిరుమల కృష్ణమాచార్య. ఆయన శిష్యులైన బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి, కుమారుడు దేశికాచార్ పేర్లు దేశదేశాలలో మారుమ్రోగాయి. గురువుగారి పేరు మాత్రం మన వైపు అంతగా వినపడదు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని తలచుకొందాం.

ఇంటిపేరుతోనే మన తిరుపతి వారికి ఆయన దగ్గరివాడనిపిస్తాడు. ఆయన తండ్రి పేరు శ్రీనివాస తాతాచార్య. తాతాచార్య అనే పేరు తిరుమల నంబితో ముడిపడిన పేరు. శ్రీవారి అభిషేకానికి పాపవినాశనం నుంచి రోజూ నీళ్లకుండ మోసుకొచ్చిన తిరుమల నంబిని స్వామి వేటగాని రూపంలో వచ్చి తాతా అని పిలిచాడనీ, ఆకాశగంగను చూపించాడనీ మనందరికీ తెలిసిన కథే. తిరుమల దక్షిణ మాడవీధిలో నంబి గుడి ముందు నుంచి మనం ఎన్నిసార్లు నడిచి ఉంటామో! కృష్ణమాచార్య కుటుంబం వారు తమ మూలపురుషునిగా ఇంకా వెనుకటి వైష్ణవాచార్యుడైన నాథమునిని చెప్పుకొనేవారు.

ఆయన 1888 నవంబరు 18న మైసూరు సంస్థానంలోని చిత్రదుర్గ జిల్లా ముచుకుందపురంలో జన్మించారు. తల్లి రంగనాయకమ్మ. ఆరుగురు సంతానంలో పెద్దవాడు. ఐదో ఏట ఉపనయనం, అప్పటినుంచే తండ్రి దగ్గర వేదాధ్యయనం, కొన్ని ఆసనాలు. పదేళ్లు వచ్చేసరికి తండ్రి పోయారు. కుటుంబం మైసూరు చేరింది. అక్కడి పరకాల మఠంలోనూ, సంస్కృత కళాశాలలోనూ చదువు సాగింది. పదహారో ఏట నమ్మాళ్వారు జన్మస్థలమైన ఆళ్వారు తిరునగరికి వెళ్లినప్పుడు నాథముని దర్శనమిచ్చి యోగరహస్యం అనే గ్రంథాన్ని ఉపదేశించారని ఆయన చెప్పేవారు. ఆ గ్రంథంలో ఎంత భాగం ప్రాచీనం, ఎంత భాగం ఆయన సొంతం అన్న విషయమై పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఏదైనా అందులో వయసును బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి, గర్భిణి స్థితిని బట్టి అభ్యాసం మారాలన్న మాట ఉంది. మనకు కావలసింది అదే.

తర్వాత కాశీకి పోయి తర్క, మీమాంసలు చదివారు. ఆయుర్వేదం నేర్చుకొన్నారు, నాడి చూడటం అలవరచుకొన్నారు. ఆపైన మానససరోవరం ప్రాంతంలో రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడున్నరేళ్లు యోగం అభ్యసించినట్లు ఆయన చెప్పుకొన్నారు. గురుదక్షిణగా ఆ గురువు కోరింది సంసారిగా ఉంటూ యోగం నేర్పమని. కాశీ పట్టాలతో ఏ సంస్థానంలోనైనా పెద్ద ఉద్యోగం దొరికేది. ఆయన ఆ దారి పట్టలేదు. 1925లో నామగిరమ్మతో వివాహమైంది. ఆ రోజుల్లో యోగం నేర్పి పొట్టపోసుకోవడం అయ్యే పని కాదు. అందుకని కొంతకాలం హాసన్ ప్రాంతపు కాఫీ తోటలో సూపర్‌వైజర్ వంటి ఉద్యోగం చేశారు. ఇంతటి శాస్త్ర పండితుడు సగం చేతుల చొక్కా, నిక్కరు వేసుకొని కూలీల పని చూసుకొనేవాడంటే ఉద్యోగం చేసి వచ్చిన మనకు ఎక్కడో తగులుతుంది.

మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ వడయార్ దృష్టిలో పడిన తర్వాత ఆయన దశ తిరిగింది. 1931లో సంస్కృత పాఠశాలలో బోధించడానికి పిలుపు వచ్చింది. 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల తెరిచారు. మహారాజు ప్రోత్సాహంతో 1934లో కన్నడంలో యోగ మకరందం రాశారు. 1941లో యోగాసనగళు అనే మరో పుస్తకం వచ్చింది. ఈ రెండో పుస్తకంలో ఆసనాలను తొలి, మధ్య, ఉత్తమ శ్రేణులుగా విడగొట్టి, ఒక్కో ఆసనానికి ఎన్ని వినియాసాలో, అంటే లోనికి పోవడానికి, బయటికి రావడానికి ఎన్ని మెట్లో, పట్టికగా ఇచ్చారు. ఆసనం మధ్యలో ఎక్కడ శ్వాస తీసుకోవాలో, ఎక్కడ వదలాలో కూడా సూచించారు. ఆసనం అంటే చివరి భంగిమ ఒక్కటే కాదనీ, అక్కడికి వెళ్లే దారీ, తిరిగివచ్చే దారీ కూడా అందులో భాగమేననీ ఆయన మొదటినుంచీ నమ్మిన సంగతి.

యోగశాలలో చదివినవారు ఎక్కువగా అరసు వంశపు బాలురు. పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రవాళ్లు. వాళ్లకు తగినట్లే అక్కడి క్రమం ఉండేది. ఎగరడం, దూకడం, చేతులపై నిలవడం, ఒక ఆసనం నుంచి మరొక దానిలోకి ఆగకుండా సాగిపోవడం. మహారాజు ఆజ్ఞపై ఊరూరా ప్రదర్శనలు ఇచ్చేవారు. 1938లో తీసిన ఒక మూగ సినిమాలో ఆయన, ఆయన కుటుంబం, యువకుడైన అయ్యంగార్ ఆసనాలు వేస్తూ కనిపిస్తారు. ఆనాటి కాలంలోనే, 1935 ప్రాంతంలో తెరేజ్ బ్రోస్ అనే ఫ్రెంచి హృద్రోగ వైద్యురాలు మైసూరు వచ్చి పరికరాలు బిగించి ఆయన గుండె పనిని పరీక్షించింది. యోగాన్ని డాక్టరు కంటితో చూడటం అప్పటికి మన దేశంలోనూ మొదలైంది. స్వామి కువలయానంద 1924లో లోనావాలాలో కైవల్యధామం స్థాపించి ఆసనాలపై ప్రయోగశాల పరిశోధనలు సాగిస్తున్నారు.

ఈ మైసూరు దశ గురించి ఒక చేదు సంగతి చెప్పకుండా ఉండకూడదు. ఆచార్యులవారు మహా కోపిష్ఠి. మన చిత్తూరు జిల్లాకు సరిహద్దు అయిన కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టిన అయ్యంగార్ ఆయనకు స్వయానా బావమరిది. మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చుట్టుముట్టిన బక్కపలచని కుర్రవాడిగా 1934లో అక్క ఇంటికి చేరాడు. ఒకసారి ప్రముఖులు చూడవచ్చినప్పుడు హనుమానాసనం వేయమని గురువు ఆజ్ఞాపించారు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు బారజాపి నేలకు అంటుకొనే ఆసనమది. కుర్రవాడికి అది ఏమిటో కూడా తెలియదు. లాగు బిగుతుగా ఉందని తప్పించుకోజూస్తే, కత్తెరతో లాగు కత్తిరింపించి మరీ వేయించారు. తొడ వెనుక కండరాలు చినిగి చాలాకాలం నడవలేక బాధపడ్డానని అయ్యంగారే తర్వాత చెప్పుకొన్నారు. ఏ కండరాన్ని ముందుగా సిద్ధం చేయకుండా ఏ ఆసనంలోకి పోకూడదో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం వేరే వెదకనక్కరలేదు. గురువుగారి గొప్పతనాన్ని ఒప్పుకొంటూనే ఇది తప్పు అని చెప్పాలి. చిత్రమేమంటే, దేహంలో ప్రతి కీలుకూ ప్రతి కండరానికీ లెక్క కట్టి, తాళ్లూ బెంచీలూ దిండ్లూ సాయంగా వాడి ఆసనాలు నేర్పే పద్ధతిని తయారుచేసింది ఆ దెబ్బతిన్న శిష్యుడే. 1966లో వచ్చిన ఆయన ఇంగ్లీషు పుస్తకంలో వారాల వారీగా 300 వారాల క్రమం, జబ్బుల వారీగా ఆసనాల వరుసలు ఉన్నాయి.

మైసూరు నుంచే మరో శిష్యుడు పట్టాభి జోయిస్ అందరికీ ఒకే వరుస అన్న పద్ధతిని పట్టుకొన్నారు. ఆయన వరుసలు ఇప్పటికీ అమెరికాలో, యూరపులో మార్చకుండా వేస్తారు. కుర్రవాళ్లకు అది బాగానే ఉంటుంది. అరవై దాటినవారు దాన్ని చూసి ఆనందిస్తే చాలునని నా అభిప్రాయం.

1940లో మహారాజు గతించారు. స్వాతంత్ర్యానంతరం సంస్థానాలు పోయాయి. 1950లో యోగశాల మూతపడింది. అరవై ఏళ్లు పైబడిన వయసులో, ఆరుగురు పిల్లల కుటుంబంతో, ఆచార్యులవారు ఉద్యోగం లేని మనిషిగా మిగిలారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. 1952లో మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. పక్షవాతం వచ్చిన ఒక ప్రముఖ న్యాయవాదిని బాగుచేయడానికి పిలిచారు. అలా వెళ్లి మద్రాసులోనే స్థిరపడ్డారు.

ఆయన జీవితంలో రెండో అధ్యాయం ఇక్కడ మొదలైంది. మనకు ఎక్కువ పనికివచ్చేది ఈ అధ్యాయమే. మైసూరులో ఎదురుగా నిలిచినవారు రాజవంశపు పిల్లలు. మద్రాసులో ఎదురుగా కూర్చున్నవారు ఉబ్బసం రోగులు, షుగరు ఉన్నవారు, నడుము పట్టిన గుమాస్తాలు, కాన్పు తర్వాత నీరసించిన స్త్రీలు, రిటైరైన ఆఫీసర్లు. ఒక్కొక్కరి నాడి చూసేవారు, శ్వాస ఎంతసేపు నిలుస్తుందో చూసేవారు, నడక చూసేవారు. ఆ తర్వాతనే ఆ మనిషికి ఒక వరుస రాసి ఇచ్చేవారు. ఒకరికి ఇచ్చింది పక్కవారికి ఇచ్చేవారు కాదు. చిన్నపిల్లలకు సృష్టిక్రమం, సంసారులకు స్థితిక్రమం, వృద్ధులకు అంత్యక్రమం అని మూడు దశలు చెప్పేవారు. పిల్లలకు కదలిక ఎక్కువ, మధ్యవయసు వారికి ఆరోగ్యం నిలుపుకోవడం ముఖ్యం, వృద్ధులకు ఆసనం తగ్గి ప్రాణాయామం, ధ్యానం పెరగాలి.

ఆయన కూర్పులో శరీరనిర్మాణానికి ఎంత చోటు ఉందో చూద్దాం. వీపు ఎలా కదులుతుంది అన్నది ఆయన లెక్కకు మూలం. శ్వాస తీసుకొన్నప్పుడు పక్కటెముకలు పైకి లేస్తాయి, ఛాతీ విచ్చుకొంటుంది, వెన్ను నిటారవుతుంది. కనుక చేతులెత్తడం, వెనక్కు వంగడం శ్వాస తీసుకొంటూ చేయాలి. శ్వాస వదిలినప్పుడు పొట్ట లోనికి పోతుంది. కనుక ముందుకు వంగడం, మెలి తిరగడం శ్వాస వదులుతూ చేయాలి. ఇది తెలిస్తే ఏ ఆసనంలోనైనా శ్వాస ఎప్పుడు అన్నది బట్టీ పట్టనక్కరలేదు. రెండోది ప్రతిక్రియ. ఒక ఆసనం ఒక భాగంపై పెట్టిన బరువును తర్వాతి తేలిక ఆసనం తీసివేయాలి. ఆయన సంప్రదాయంలో శీర్షాసనం తర్వాత సర్వాంగాసనం వస్తుంది. సర్వాంగాసనం తర్వాత భుజంగాసనం వస్తుంది. మెడను ముందుకు వంచిన దాని వెనుక మెడను, ఛాతీని విప్పేది అన్నమాట. వెనక్కు వంగిన ఆసనాల వెనుక వెల్లకిలా పడుకొని రెండు మోకాళ్లనూ పొట్టకు తెచ్చుకొనే అపానాసనం ఉంటుంది.

మూడోది నిలబడటం, కూర్చోవడం, బోర్లా పడుకోవడం, వెల్లకిలా పడుకోవడం, తలక్రిందులుగా ఉండటం అన్న స్థితులను బట్టి కట్టిన గుచ్ఛాలు. ఆయన వద్ద ముప్పై ఏళ్లకు పైగా నేర్చుకొన్న శ్రీవత్స రామస్వామి ఈ గుచ్ఛాలను పుస్తకంగా రాశారు. ఉదాహరణకు తాడాసన గుచ్ఛం చేతులతో మొదలవుతుంది. చేతులు ముందుగా, పక్కగా పైకెత్తడం, వేళ్లు ముడివేయడం, చేతులు వెనక కట్టడం. భుజాలు అన్ని వైపులా తిరిగిన తర్వాత పక్కకు వంగడం, మెలి తిరగడం, ముందుకు వంగడం, చివరకు ఉత్కటాసనంలో కూర్చొని లేవడం. భుజం నుంచి వెన్ను, వెన్ను నుంచి తుంటి, తుంటి నుంచి మోకాలు, మోకాలి నుంచి చీలమండ అని పై నుంచి క్రిందికి దేహమంతా ఒక చుట్టు వచ్చేస్తుంది.

ఒకరోజు భుజాలు, ఒకరోజు తుంటి, ఒకరోజు వెన్ను అని అంశం పెట్టుకొని తరగతి నడిపే పద్ధతి ఈ రోజుల్లో వచ్చింది. ఆచార్యులవారు ఆ మాటతో నేర్పలేదు. కాని అలా తరగతి కూర్చేవారికి ఆయన లెక్కే ఆధారం. ఉదాహరణకు తుంటిని అంశంగా తీసుకొందాం. తుంటి కీలు గిన్నెలో బంతి లాంటిది, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలు తలుపు కీలు లాంటిది, ముఖ్యంగా ముందుకూ వెనుకకూ మాత్రమే ఆడుతుంది. ముప్పై ఐదేళ్లు కుర్చీలో కూర్చున్న మన తుంటి బిగుసుకుపోయి ఉంటుంది. అటువంటివాడు నేరుగా పద్మాసనానికి కాలు లాగితే తుంటి తిరగదు, ఆ మెలిక అంతా మోకాలిపై పడుతుంది. పద్మాసనం వేసి మోకాలు పోగొట్టుకొన్నవారి సంగతి ఇదే. అందుచేత తుంటి రోజున మొదట వెల్లకిలా పడుకొని ఒక్కో మోకాలిని పొట్టకు తెచ్చుకోవాలి. తర్వాత పాదాలు నేలకు ఆన్చి నడుము పైకెత్తే ద్విపాదపీఠం. అందులో తుంటి ముందుభాగం విచ్చుకొంటుంది. ఆ తర్వాత కూర్చొని ఒక కాలు చాపి వేసే జాను శీర్షాసనం, మోకాలు కాస్త వంచి. తర్వాత రెండు పాదాలూ కలిపే బద్ధకోణాసనం, తుంటి క్రింద మడత దుప్పటి పెట్టుకొని. చివర అపానాసనం, విశ్రాంతి. పద్మాసనం ఆ రోజు వచ్చినా రాకపోయినా ఫరవాలేదు.

మోకాలు కాస్త వంచమనడంలో కూడా లెక్క ఉంది. తొడ వెనుక కండరాలు తుంటి క్రింది ఎముకను పట్టుకొని ఉంటాయి. అవి బిగుసుకొని ఉంటే ముందుకు వంగినప్పుడు కటి భాగం కదలదు, నడుము వెన్నుపూసలు గూనిలా వంగి వాటి మధ్యనున్న మెత్తని బిళ్లలపై ఒత్తిడి పడుతుంది. మోకాలు వంచితే కండరం వదులై కటి కదులుతుంది. ఎముకలు బోలుగా మారాయని డాక్టరు చెప్పినవారు మాత్రం బలంగా ముందుకు వంగే ఆసనాలే వదులుకోవాలి. రక్తపోటు, గ్లకోమా ఉన్నవారు తలక్రిందుల ఆసనాల జోలికి పోరాదు.

అలిపిరి మెట్లు ఎక్కే అలవాటున్న మన సభ్యులకు ఒక మాట. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు గుండెకు పని, దిగేటప్పుడు మోకాలికి పని. కొండ దిగి వచ్చిన మరుసటి రోజు ఉత్కటాసనం, వజ్రాసనం వంటివి తరగతిలో పెట్టకూడదు. ఆ రోజు పడుకొని చేసేవే మేలు. అంతకు వారం ముందు గోడ పట్టుకొని సగం వరకే ఉత్కటాసనం చేసుకొంటూ తొడలకు బలం తెచ్చుకోవాలి. 2015 నుంచి జూన్ 21న జరిగే యోగా దినోత్సవానికి ప్రభుత్వం ఇచ్చిన ఉమ్మడి క్రమం కూడా మెడ, నడుము, మోకాళ్ల కదలికలతో మొదలై నిలబడి, కూర్చొని, బోర్లా, వెల్లకిలా అన్న వరుసలోనే సాగుతుంది. మనవాళ్లు తొందరలో ఆ మొదటి ఐదు నిమిషాలే దాటవేస్తుంటారు.

ఇక మన ప్రాంతంతో ఆయనకున్న మరో సంబంధం. 1895లో అప్పటి మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, రిషీవ్యాలీ పాఠశాల వెనుకనున్న మహానుభావుడు, యోగాసనాలు క్రమం తప్పక చేసేవారు. మొదట అయ్యంగార్ వద్ద నేర్చుకొన్నారు. 1965 ప్రాంతంలో మద్రాసులో కృష్ణమాచార్య ఇంటికి వచ్చి, ఆయన పర్యవేక్షణలో కుమారుడు దేశికాచార్ వద్ద నేర్చుకోసాగారు. కృష్ణమూర్తికి అప్పటికి డెబ్బై ఏళ్లు, దేశికాచార్‌కు ఇంకా ముప్పై నిండలేదు. ప్రపంచమంతా తిరిగి గురువులే వద్దని చెప్పిన మనిషి ఆ కుర్రవాని ముందు వినయంగా విద్యార్థిగా కూర్చున్నారు. డెబ్బై ఏళ్ల దేహానికి తగ్గట్టు శ్వాసకు పెద్దపీట వేసిన వరుస ఆయనకు కుదిరింది. దేశికాచార్ ఆయన వెంట స్విట్జర్లాండు కూడా వెళ్లి అక్కడ నేర్పారు. కృష్ణమూర్తి తొంభై దాటి 1986లో పోయారు.

దేశికాచార్ నిజానికి ఇంజనీరు. తండ్రి విద్యను మొదట పట్టించుకోలేదు. ఒక విదేశీ మహిళ తన నిద్రలేమి తగ్గినందుకు సంతోషం పట్టలేక నడివీధిలో వృద్ధుడైన తండ్రిని కౌగిలించుకోవడం చూసి ఆశ్చర్యపోయి, ఉద్యోగం వదిలి శిష్యుడయ్యారు. ఒకనాడు స్త్రీలకు, విదేశీయులకు నేర్పనని పట్టుబట్టిన ఆచార్యులే 1937లో మహారాజు మాట మేరకు ఇంద్రాదేవిని చేర్చుకొన్నారు. తర్వాత ఆ పట్టుదల పూర్తిగా సడలింది. 1976లో దేశికాచార్ తండ్రి పేరిట మద్రాసులో కృష్ణమాచార్య యోగమందిరం స్థాపించారు.

96వ ఏట ఆచార్యులవారు పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ వద్దన్నారు. ఈ విషయంలో ఆయనను అనుసరించమని ఎవరికీ చెప్పను. ఈనాటి వైద్యం వేరు. కాని ఆ తర్వాత ఆయన చేసిన పని గమనించదగ్గది. మంచం మీద పడుకొని చేయగల కదలికలతో, శ్వాసతో తనకు తానే ఒక వరుస కూర్చుకొన్నారు. మైసూరులో వంద ఆసనాలు ఎగురుతూ వేయించిన మనిషికి ఆ మంచమే యోగశాల అయింది. చివరివరకు శిష్యులకు పాఠం చెబుతూనే ఉన్నారు.

నూరేళ్లు నిండిన తర్వాత 1989 ఫిబ్రవరి 28న మద్రాసులో పరమపదించారు. జోయిస్ 2009లో, అయ్యంగార్ 2014లో, దేశికాచార్ 2016లో గతించారు. చెన్నైలోని యోగమందిరంలో వచ్చినవారిని ముందు కూర్చోబెట్టి మాట్లాడి, వయసూ జబ్బూ పనీ తెలుసుకొని, ఒక్కొక్కరికి విడిగా ఆసనాల వరుస కూర్చి ఇచ్చే పద్ధతి ఆయన పెట్టినదే.